బాపు వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా గోదావరిఖనిలో ఒక ఇంటి పెద్దాయన అన్‌ఫిట్ అయ్యాడంటే ఆ ఇంటికి చుట్టాలు నవ్వుకుంటూ వస్తారు. బయటివాళ్లకు ఇది అర్థం కాదు. బొగ్గు బాయిలో దిగే మనిషి ఇక ఆ పనికి పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు రాసిస్తే, అతని మీద ఆధారపడ్డ కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అది కూడా సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే కావాలి. కాబట్టి ఇక్కడ తండ్రి గుండ్రాయిలా ఉండి రిటైరైతే కొడుకులు ముఖాలు మాడ్చుకుంటారు. కన్నతండ్రికి ఏ రోగమూ లేదని ఏడ్చిన కొడుకును నేను నా కళ్లతో చూశాను.

మిగతావాళ్లు ఇందుకు కొండగట్టుకో, వేములవాడకో మొక్కుకుంటారు. మేము క్రైస్తవులం, మొక్కులు మాకు నిషిద్ధం. అందుకని ప్రార్థన చేసి, చివర్లో దేవుని చిత్తం అని కలుపుతాం. ఆ మాట కలిపితే చాలు, ఎంత అడ్డగోలు కోరికైనా భక్తిలాగే వినబడుతుంది.

మా సంఘంలో ఆ మాట వాడకం గురించి చెప్పాలంటే పెద్ద కథ. పిల్లాడు సంవత్సరమంతా ఫోను చూసుకుని పరీక్ష తప్పితే దేవుని చిత్తం. పాటలు పాడే బృందం ఒక్కరోజు కూడా సాధన చేయకుండా వచ్చి క్రిస్మస్ ఆరాధనను ఆగం చేస్తే దేవుని చిత్తం. ఒక సంఘ పెద్ద రాంగ్ సైడులో స్కూటర్ నడిపి కాలు విరగ్గొట్టుకుని, ఆ కట్టుతోనే వచ్చి, ప్రభువు తనను ఎందుకో కాసేపు పక్కన కూర్చోబెట్టాడని పదిహేను నిమిషాలు సాక్ష్యం చెప్పాడు; దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పడాన్ని మేం అలా అంటాం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వీళ్లకు చేతకానిదంతా తీసుకెళ్లి దేవుడి నెత్తిన పెడతారు. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడని సండే స్కూల్లో నాకు నేర్పింది కూడా వీళ్లే. దాన్ని ఎవరూ వాడగా నేను చూడలేదు.

నాకు నోరెక్కువని మా అమ్మ అంటుంది. నిజమే. నేను ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోటితోనే పని. ఎనిమిదేళ్ల కింద చర్చికి వెళ్లడం మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని: మా బాపుతో అబద్ధం ఆడించారు, అందుకు.

బాపు బాయిలో టింబర్‌మన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. అంత బరువు మోసీ మోసీ ఆయన నడుము నలభై దాటకముందే పాడైంది. నొప్పి నడుము నుంచి ఎడమ కాల్లోకి దిగేది, రాత్రి డ్యూటీ చేసి వచ్చాక బూట్లు విప్పుకోవడానికి కూడా వంగలేకపోయేవాడు. తక్కువ మాట్లాడతాడు. మూడు తరాలుగా మాది క్రైస్తవ కుటుంబమే అయినా, నలుగురిలో గట్టిగా ప్రార్థన చేయమంటే ఇప్పటికీ చెమటలు పడతాయి ఆయనకు.

పదకొండేళ్ల కింద మా క్వార్టర్ల వెనక గ్రౌండులో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు, తెల్ల కోటు, చేతిలో మైకు, గొంతులో ఉరుము. రెండో రోజు సాయంత్రం నడుము నొప్పి ఉన్నవాళ్లను స్టేజీ ఎక్కమన్నాడు. బాయి పనివాళ్ల ఊళ్లో నడుము నొప్పి అని పిలిస్తే కనీసం సగం గ్రౌండు లేవాలి, కాని సిగ్గుపడి ఏడెనిమిది మందే వెళ్లారు. అందులో బాపు ఒకడు. ఆయన నడుము మీద చెయ్యి వేసి ఆ ప్రసంగీకుడు ఊగిపోయాడు, ప్రార్థించాడు, తగ్గిందా అని అడిగాడు. బాపు కాసేపు జనం వైపు చూసి, తగ్గిందన్నాడు. వంగమన్నాడు, వంగాడు. పక్కనున్న స్పీకరు బాక్సు ఎత్తమన్నాడు, ఎత్తాడు. గ్రౌండంతా చప్పట్లు. ఆ బాక్సు పట్టుకుని నిలబడ్డ బాపు ఫొటోను మరుసటి సంవత్సరం కూటాల ఫ్లెక్సీ మీద వేశారు, ఆయన ముఖం బిగుసుకుపోయి ఉన్నా సరే, దాన్ని ఆనందం అనుకున్నారు.

ఆ రోజు నుంచి బాపు స్వస్థత పొందిన మనిషి. స్వస్థత పొందిన మనిషి దవాఖాన లైన్లో నిలబడితే ఏం బాగుంటుంది? కంపెనీ దవాఖానలో సగం మంది మా సంఘంవాళ్లే కనబడతారు. అందుకని వెళ్లలేదు. అడిగితే పైన, ఎండలో చేసే తేలిక పని ఇచ్చేవారేమో, అదీ అడగలేదు. తలుపు గడియ పెట్టి అమ్మ నడుముకు మందు రాసేది. నేను ఒకటి రెండేళ్లలోనే పసిగట్టాను. బండి దిగి, గేటు పట్టుకుని, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాకే ఆయన కాలు కదిపేవాడు. ఇంట్లో ఇది చూస్తూ, చర్చికి పోతే అక్కడ పాస్టరుగారు నెలకోసారి బాపు నడుమును ఉదాహరణగా చెప్తుంటే వినాలి. ఎన్నాళ్లని వింటాం? ఒక ఆదివారం మధ్యలో లేచి బయటికొచ్చేశాను.

ఇక అసలు సంగతి. మా తమ్ముడు ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో రెండేళ్లు బండి మీద బిర్యానీలు చేరవేసి, ఇంటికి వచ్చి కూర్చున్నాడు. బాపుకు సర్వీసు మూడేళ్లు మిగిలింది. తమ్ముడికి వయసు మీదపడుతోంది, కంపెనీ పెట్టిన వయసు హద్దు దాటిందంటే ఇక కంపెనీ ఉద్యోగం ఈ జన్మలో రాదు. నేను పెళ్లయి రెండు వీధుల అవతల ఉంటున్నదాన్ని కాబట్టి నా పేరు ఎవరి నోటా రాలేదు, దాని మీద నేను వేరే రోజు కొట్లాడతాను. బాపు నడుము చూపించి బోర్డుకు పెట్టుకుందామని తమ్ముడు కాగితాలు తెచ్చాడు. దేవుడు దారి తెరిచిండు బాపూ అన్నాడు. పదేళ్లుగా తండ్రి కుంటుతుంటే చూడని కళ్లకు ఇప్పుడు దారి కనబడింది.

అమ్మ మాత్రం ఊరుకుంటుందా, శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో మనవి పెట్టింది. తన భర్త నడుములో ఉన్న నొప్పి డాక్టర్లకు బాగా కనబడేటట్టు ప్రార్థించమని. ఆమె అమాయకురాలు, చేసిన పొరపాటు ఆమెకే తెలియదు. అక్కడున్న ఆడవాళ్లంతా ఆ నడుము బాగైనందుకు పదకొండేళ్లుగా స్తోత్రాలు చెప్తున్నవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. చివరికి పాస్టరుగారి భార్యే ధైర్యం చేసి, ప్రభువా నీవు ముట్టి బాగుచేసిన ఆ నడుమును నీ చిత్తప్రకారం బోర్డువాళ్లకు చూపించు అని ప్రార్థించింది, అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే నాకు నవ్వు ఆగలేదు. దేవుడు ఏం చూపించాలో పాపం ఆయనకే తెలియాలి.

నవ్వనిది బాపు ఒక్కడే. కాగితాల మీద సంతకం పెట్టమంటే పెన్ను పక్కన పెట్టాడు. సంఘంలో బాగైందని, బోర్డులో బాగాలేదని, రెండు తీర్ల చెప్పలేనన్నాడు. ముందుగా ఆదివారం నాడు సంఘం ఎదుట నిలబడి ఆ సాక్ష్యం వాపస్ తీసుకుంటాడట. ఆ తర్వాతే సంతకం. సంఘం మాట బోర్డుకు ఎట్లా తెలుస్తుందని తమ్ముడు, ఇంత వయసొచ్చాక నలుగురిలో తలెట్లా ఎత్తుకుంటామని అమ్మ, రెండు రోజులు చెరో పక్క నుంచి పోరారు. ఆయన కదలలేదు. మా ఇంట్లో ఆయన ఒక విషయం మీద అలా మొండికేయడం నేను అదే మొదటిసారి చూడటం.

విషయం పాస్టరుగారికి చేరింది. గురువారం సాయంత్రం వచ్చారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, అదే ఇబ్బంది. నా కాన్పు కష్టమైనప్పుడు దవాఖాన మెట్ల మీద రాత్రంతా కూర్చున్న మనిషి. కాని ఎనిమిది వందల మందిని ఒక తాటి మీద నడపాలంటే ఏ ఎండకా గొడుగు పట్టడం అలవాటైపోతుంది. చాయ తాగి, బిస్కెట్టు ముంచుకుని, నెమ్మదిగా మొదలుపెట్టారు.

“అన్నా, స్వస్థత ఆత్మల అయింది. శరీరంలకు రావడానికి టైం పడుతది. సంఘం ముంగట నువ్వు ఆత్మ సంగతి చెప్పినవ్, బోర్డు ముంగట శరీరం సంగతి చెప్తవ్. రెండూ నిజమే.”

లోపల వంటగదిలో ఉన్న నేను గరిటె పక్కన పడేశాను. వెళ్లి ఒక మాట అనబోయాను, అమ్మ కొంగు పట్టి లాగింది. పాస్టరుగారు ఇంకొంచెం ముందుకు జరిగారు. ఆ సాక్ష్యం విని ఎంతమంది నిలబడ్డారో చెప్పారు. దాన్ని కూలగొట్టడం దేవుని చిత్తమేనా, ఒకసారి ప్రార్థించి చూడమన్నారు. బాపు అప్పుడు నోరు విప్పాడు.

“దేవుని చిత్తం నాకు తెల్వది అయ్యగారూ. నేను అబద్ధం ఆడిన సంగతి తెలుసు.”

పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. నా సంతోషం చెప్పనలవి కాదు. పదకొండేళ్లకు మా ఇంట్లోంచి ఒక నిజం బయటికి నడిచి వెళ్లబోతోంది. ఆ నిజం ఎట్లా నడవాలో కూడా నేనే నిర్ణయించాను. శనివారం కూర్చుని ఒక కాగితం రాశాను: నన్ను స్టేజీ ఎక్కించి, అందరి ముందు నిలబెట్టి, నాతో అబద్ధం చెప్పించారు, ఆ అబద్ధాన్ని పదకొండేళ్లు వాడుకున్నారు అని. గట్టిగా, నెమ్మదిగా చదవమని బాపుకు చెప్పాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం నేను మంచి చీర కట్టుకుని, ఎనిమిదేళ్ల తర్వాత చర్చికి వెళ్లి, మూడో వరసలో కూర్చున్నాను. వింత చూడటానికి వెళ్లినట్టే వెళ్లాను.

సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామె కూతురికి సంబంధం కుదిరినందుకు స్తోత్రం చెప్పింది. ఒకాయన పోయిన సెల్‌ఫోను దొరికినందుకు. తర్వాత బాపు లేచాడు. మగవాళ్ల వరసలోంచి ముందుకు రావడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, ఆ రోజు కుంటును దాచుకోలేదు. జేబులో చెయ్యి పెడతాడని చూశాను. పెట్టలేదు. ముందున్న బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“పదకొండేండ్ల కింద మీటింగుల నా నడుము బాగైందని చెప్పిన. బాగు కాలే. ఆ రోజు గూడ నొచ్చింది, ఇయ్యాల గూడ నొస్తుంది. మీరంత నన్ను మాఫ్ చెయ్యాలె.”

పాస్టరుగారు లేచారు. ఆయన్ను మెచ్చుకోవాలి, ఆ నిమిషంలో కూడా బాపును ఒడ్డున పడేయాలనే చూశారు. సాతాను మంచి విశ్వాసులను కూడా మోసం చేస్తాడని, అన్న నోట ఆ మాట పలికించింది వాడేనని మొదలుపెట్టారు. వెనక వరసల్లో అప్పుడే ఒకరిద్దరు తలలూపారు. దేవుడు కాకపోతే సాతాను, ఇద్దరిలో ఎవరో ఒకరు దొరికితే మా సంఘానికి ఊపిరాడుతుంది. బాపు అడ్డంగా తలూపాడు.

“సైతాను కాదు అయ్యగారూ. దేవుడు చెప్పియ్యలే, సైతాను చెప్పియ్యలే, మీరు గూడ చెప్పియ్యలే. నేనే చెప్పిన.”

ముందు వరసలో ఒక ముసలవ్వ ఉంటుంది, ఎవరికీ జంకదు. మరెందుకు చెప్పినవ్ బిడ్డా అని కూర్చున్నచోటినుంచే అడిగింది. బాపు నా వైపు చూడలేదు. బల్ల వైపే చూశాడు.

“నా బిడ్డ అన్నం తింటలేకుండె.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకు మీకు చెప్పలేదు, నిజం చెప్పాలంటే నాకు నేనే చెప్పుకోలేదు. ఆ కూటాలనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా సంఘంలో నాకంటే భక్తి గలది లేదు. బాపు నడుము బాగయ్యేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టనని దేవుడితో ఒడంబడిక చేసుకుని ఉపవాసం పట్టాను. ఆ సాయంత్రానికి పన్నెండో రోజు. అంతకు ముందురోజు బాత్‌రూములో పడిపోయాను. అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది, నా ప్రాణం పోతే అది దేవుని చిత్తం అన్నాను. ఇవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు. స్టేజీ ఎక్కమని బాపును లేపింది ఎవరో కాదు, నేనే. ఆయన జనం వైపు చూశాడని రాశాను కదా, జనం ఎక్కడ, మొదటి వరసలో ఇద్దరు ఆడవాళ్ల భుజాల మీద వాలి ఉన్న నన్ను చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పప్పు, చారు కలుపుకుని కడుపునిండా తిన్నాను. నేను తింటున్నంతసేపూ బాపు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఆనందంతో కూర్చోలేకపోతున్నాడని అనుకున్నాను. ఆ బాక్సు ఎత్తాక ఆయనకు కూర్చోవడం చేతకాలేదు.

ఎనిమిదేళ్లు ఊరందరి మీదా వేలు చూపించాను. ప్రసంగీకుడి మీద, పాస్టరుగారి మీద, స్కూటరు మీద కాలు విరగ్గొట్టుకున్న ఆ పెద్దాయన మీద. ఇతరుల తప్పులు పట్టడంలో నాకున్న చూపులో సగం కూడా చర్చివాళ్లకు ఉండదు. ఆ ఉపవాసం మాత్రం ఎక్కడో పడేసుకుని, దాని సంగతే మర్చిపోయాను. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

సంఘం తన పద్ధతిలో తాను తేరుకుంది. పాస్టరుగారు పాట అందుకున్నారు, అందరూ లేచి గట్టిగా పాడారు. బయటికి వచ్చాక కొందరు బాపును చూడనట్టు బండ్లు తీశారు. రిటైరైన ఒక కార్మికుడు మాత్రం దగ్గరికొచ్చి, చెవిలో, తన మోకాలు కూడా ఆ రోజు బాగు కాలేదని చెప్పి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి గబగబా వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్లే దారిలో బాపుతో ఏదైనా మాట్లాడదామని నాలుగైదుసార్లు అనుకున్నాను. సోమవారం ఆయన సంతకం పెట్టాడు.

ఫలితం చెప్పేస్తాను: అన్‌ఫిట్ రాశారు. తమ్ముడు ఇప్పుడు ట్రైనింగులో ఉన్నాడు. అమ్మ మనవి నెరవేరింది కాబట్టి సంఘం అదంతా దేవుని చిత్తంలో కలిపేసుకుని, కృతజ్ఞత ప్రార్థన కూడా పెట్టింది, బాపు దానికి వెళ్లలేదు. నేను చెప్పాల్సింది బోర్డు గది గురించి.

బాపుకు నడవడానికి ఆసరా కావాలని నన్ను కూడా లోపలికి రానిచ్చారు. డాక్టరు నాకంటే చిన్నవాడు. స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు, బాపు ఎడమ పాదాన్ని పైకెత్తమన్నాడు, అది లేవలేదు. గుండుసూదితో గుచ్చితే బాపుకు తెలియలేదు. నరం చాలా ఏళ్లుగా నలిగిపోయిందని, ఆ కాలికి పోయిన బలం ఇక రాదని చెప్పాడు. ఏ పదేళ్ల కిందో వచ్చి ఉంటే ఆపరేషన్‌తో కాలు దక్కేదన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు, కంపెనీ దవాఖాన ఇంటి పక్కనే పెట్టుకుని ఇన్నేళ్లు ఎందుకు రాలేదని, ఎవరైనా వద్దన్నారా అని.

నేను బాపు వెనకే ఉన్నాను, ఆయన చేతికర్ర నా చేతిలో ఉంది. చెప్పాల్సింది నేనే. ఎవరి గురించైనా అయితే ఆ గదిలో గంటసేపు చెప్పగలను. నా నోరు తెరుచుకునేలోపే బాపు జవాబిచ్చాడు.

“ఎవలు వద్దనలే సార్. నా ఇష్టంతోనే రాలే.”

డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. నేను రాయనిచ్చాను.